ఉల్లిపాయ కోసినా కన్నీళ్లు రావడం లేదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు కళ్లు పొడిబారడం గురించే ఉన్నాయి. అందులో ఐదు ఉత్తరాలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయని ఈ పేజీ మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను. తెనాలి ఉత్తరానికి జవాబు కాస్త పొడవైంది, కానీ ఆవిడ అడిగినవాటిలో దేన్నీ వదిలేయాలనిపించలేదు.

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 46 ఏళ్లు. రెండేళ్లుగా కళ్లలో ఇసుక పోసినట్టు గరగరలాడుతోంది. ఫోన్ ఎక్కువ చూస్తున్నావన్నారు, తగ్గించాను. చుక్కల మందులు నాలుగు రకాలు మార్చారు. పోయిన ఏడాది మా అమ్మ పోయింది. గుండె పగిలేలా ఏడ్చాను గానీ కంట్లోంచి ఒక్క చుక్క రాలేదు, చుట్టాలు ఏమనుకున్నారో అని ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఉల్లిపాయలు కోసినా అంతే. ముద్ద దిగాలంటే పక్కన నీళ్ల గ్లాసు ఉండాల్సిందే. ఈమధ్య వేరే డాక్టర్ గారు రక్తపరీక్ష చేయించి షోగ్రెన్ అన్నారు, మీ ఇమ్యూనిటీయే మీ కన్నీటి గ్రంథుల మీద పడుతోందన్నారు. అంటే నాకు ఇమ్యూనిటీ తక్కువైందా? పెరగాలంటే తిప్పతీగ కషాయం తాగమంటోంది మా ఆడపడుచు. తాగొచ్చా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు మీ అమ్మగారి విషయం చెప్తానమ్మా. దుఃఖంలో వచ్చే కన్నీళ్లు, ఉల్లిపాయ కోస్తే వచ్చే కన్నీళ్లు రెండూ ఒకే గ్రంథి నుంచి వస్తాయి. కనుబొమ్మ బయటి చివర కింద, ఎముక గుంటలో బాదంపప్పంత ఉంటుందది. మనసు ఏడుస్తున్నా ఆ గ్రంథి పలకకపోతే కన్ను తడవదు. మీ చుట్టాలకు ఈ పేజీ చూపించండి, అర్థం చేసుకుంటారు.

ఉల్లిపాయ సంగతి మీరు మామూలుగా రాశారు గానీ, నాకు అదే పెద్ద ఆధారంలా కనిపించింది. కళ్లు పొడిబారినవాళ్లలో ఎక్కువమందికి అసలు లోపం రెప్పల అంచుల్లో ఉండే నూనె గ్రంథుల్లో ఉంటుంది. నూనె పొర సరిగ్గా లేక కన్నీరు తొందరగా ఆవిరైపోతుంది, అంతేగానీ కన్నీరు తయారవడం ఆగదు, ఉల్లిపాయ కోస్తే వాళ్లకు ధారగా కారుతుంది. షోగ్రెన్‌లో గ్రంథే దెబ్బతింటుంది కాబట్టి ఉల్లిపాయకు కూడా రావు. కళ్లు పొడిగా ఉన్నాయని ఎవరైనా వస్తే నోరు ఎండుతోందా, కీళ్లు నొప్పిగా ఉన్నాయా, ఉల్లిపాయకు కన్నీళ్లొస్తున్నాయా అని అడగడానికి రెండు నిమిషాలు పట్టదు. ఆ రెండు నిమిషాలు లేకే మీకు రెండేళ్లు పోయాయి, నాకు నిజంగా బాధేసింది.

ఇక మీ అసలు ప్రశ్న. మీకు ఇమ్యూనిటీ తక్కువ కాలేదమ్మా. దాన్ని అదుపులో పెట్టే భాగం పట్టు తప్పింది.

మన రక్తంలో టి-కణాలని ఒక రకం తెల్లకణాలు ఉంటాయి. రొమ్ము ఎముక వెనక ఉండే థైమస్ అనే గ్రంథిలో వాటికి శిక్షణ. ఒంట్లోని రకరకాల అవయవాల ప్రొటీన్లను అక్కడ వాటికి నమూనాగా చూపిస్తారనుకోండి, ఏ కణమైతే సొంత ప్రొటీన్‌ను చూసి మీదికి ఎగబడుతుందో దాన్ని అక్కడే చంపేస్తారు. అయితే ఆ వడపోత ఎవరికీ నూటికి నూరు పాళ్లు జరగదు. సొంత ఒంటి మీదికి వెళ్లగల కణాలు నాలోనూ ఉన్నాయి, ఈ పేజీ చదువుతున్న అందరిలోనూ ఉన్నాయి. అవి ఊరుకోవడానికి కారణం వాటిని ఊరుకోబెట్టే మరో రకం టి-కణాలు. వీటిని నియంత్రణ టి-కణాలు అంటాం, డాక్టర్లు ట్రెగ్స్ అని పిలుస్తారు. గొడవకు దిగే కణాలు పెరగడానికి ఇంటర్‌ల్యూకిన్-2 అనే పదార్థం కావాలి, దాన్ని ఇవి ముందే లాగేసుకుంటాయి. దాడికి ఉసిగొల్పే కణాల దగ్గరికెళ్లి వాటి సంకేతాలను కూడా తీసేస్తాయి.

ఈ అదుపు సడలినప్పుడు కన్నీటి గ్రంథిలో ఏదో ఒక చిన్న దెబ్బ, ఒక వైరస్ కావచ్చు, మొదటి నిప్పురవ్వలా పనిచేస్తుంది. గ్రంథి కణాలు కొన్ని చనిపోతాయి. అలా చనిపోయేటప్పుడు లోపల దాగి ఉండాల్సిన రో అనే ప్రొటీన్ పైకి తేలుతుంది. మామూలుగానైతే చచ్చిన కణాలను ఊడ్చేసి విషయం ముగించేస్తారు. ఇక్కడ మాత్రం టి-కణాలు గ్రంథి నాళాల చుట్టూ గుంపులుగా చేరతాయి, అవి బి-కణాలను పిలుస్తాయి, బి-కణాలు రో మీద యాంటీబాడీలు తయారుచేస్తాయి, ఆ గందరగోళంలో ఇంకొన్ని గ్రంథి కణాలు చస్తాయి, ఇంకాస్త రో బయటపడుతుంది. మీ రిపోర్టులో ఎస్ఎస్ఏ పాజిటివ్ అని ఉంటే అది ఈ రో మీద తయారైన యాంటీబాడీయే. కంచే చేను మేయడమంటారే, అచ్చంగా అదే.

దీంట్లో నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా, కొంచెం ఆశగా కూడా అనిపించేది ఒకటుంది. ఇలాంటి రోగుల గ్రంథి నుంచి చిన్న ముక్క తీసి చూస్తే చాలాసార్లు పాడైన భాగం కొంతే ఉంటుంది, మిగతాది బాగానే కనిపిస్తుంది. మరి ఆ మిగతాదైనా కన్నీరు ఇవ్వాలి కదా! కంటికి పొడి తగిలితే ఆ కబురు నరాల ద్వారా మెదడుకు పోయి, అక్కడి నుంచి గ్రంథికి వస్తుంది, నరం చివర ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలైతే గ్రంథి కణం నీటిని వదులుతుంది. ఇన్‌ఫ్లమేషన్‌లో, అంటే ఈ దాడి వల్ల వచ్చే వాపులో, పుట్టే పదార్థాలు ఆ రసాయనాన్ని విడుదల కానివ్వవు. కొంతమందిలో ఆ రసాయనం తగులుకునే చోటును యాంటీబాడీలే అడ్డుకుంటాయి. అంటే గ్రంథి చచ్చిపోకముందే మూగబోతుంది. అందుకే, ఇన్‌ఫ్లమేషన్‌ను ఎంత తొందరగా తగ్గిస్తే అంత గ్రంథిని కాపాడుకోవచ్చని మేం పదేపదే చెప్పేది.

ఇప్పుడు కషాయం. వద్దమ్మా, మీ ఆడపడుచు ప్రేమతోనే చెప్పి ఉంటారు, అయినా వద్దు. కరోనా సమయంలో ఇమ్యూనిటీ పెంచుతుందని తిప్పతీగను ఇళ్లలో తెగ వాడారు. దాన్ని తాగినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబై డాక్టర్లు 2021లో ప్రచురించారు, అందులో ఆటోఇమ్యూన్ లక్షణాలు, అంటే సొంత ఇమ్యూనిటీయే ఒంటి మీద పడే జబ్బుల లక్షణాలు, ఉన్నవాళ్లే ఎక్కువ. ఆ నివేదిక మీద ఆయుర్వేద వర్గాల నుంచి అభ్యంతరాలు వచ్చిన మాట నిజమే. కానీ ఇప్పటికే అదుపు తప్పి పరుగెడుతున్నదాన్ని అదిలించే మందు ఏదైనా, ఏ వైద్యంలోనిదైనా, మీలాంటివాళ్లు దూరంగా ఉంచడమే మంచిది.

మరి ఏం చేయాలి? కళ్లలో ప్రిజర్వేటివ్, అంటే మందు పాడవకుండా కలిపే రసాయనం, లేని చుక్కలు వాడండి. మామూలు సీసాల్లో ఎక్కువగా కలిపే బెంజాల్కోనియం క్లోరైడ్ అనే ప్రిజర్వేటివ్ రోజుకు ఆరేడుసార్లు పడితే పొడి కంటిని ఇంకా గాయపరుస్తుంది. చుక్కలు తడినిస్తాయి, అంతవరకే. ఇన్‌ఫ్లమేషన్ తగ్గడానికి సైక్లోస్పోరిన్ చుక్కలున్నాయి. మొదట్లో మండుతాయి, గుణం కనిపించడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది, పది రోజులకే పనిచేయలేదని ఆపేసినవాళ్లను చాలామందిని చూశాను. స్టిరాయిడ్ చుక్కలు తొందరగా హాయినిస్తాయి కాబట్టే భయం. డాక్టర్ చెప్పినన్ని రోజులే వాడాలి, పాత చీటీ చూపించి మందుల షాపులో మళ్లీ మళ్లీ తెచ్చుకుంటే నీటికాసులు, శుక్లాలు వస్తాయి. ఇవి చాలకపోతే కన్నీరు బయటికి పోయే రంధ్రాలకు చిన్న బిరడాలు పెట్టడం, మీ రక్తం నుంచే తీసిన సీరంతో చుక్కలు చేయడం లాంటివి ఉన్నాయి. కీళ్ల నొప్పులుంటే హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇస్తారు. దానితో కన్నీళ్లు తిరిగొస్తాయని మాత్రం ఆశ పెట్టుకోకండి, దాన్ని ఏళ్ల తరబడి వాడితే రెటీనా పరీక్షలు కూడా తప్పవు. జలుబు, అలర్జీ మాత్రలు వాడుతుంటే చెప్పండి, అవి కళ్లనూ నోటినీ మరింత ఎండబెడతాయి.

కంటి డాక్టర్ ఒక్కరితో ఇది అయ్యేది కాదు. కీళ్ల జబ్బులు, ఆటోఇమ్యూన్ జబ్బులు చూసే రుమటాలజిస్ట్ దగ్గర కూడా పేరు రాయించుకోండి, పళ్ల డాక్టర్‌ను వదలొద్దు, లాలాజలం తగ్గితే పళ్లు చాలా తొందరగా పుచ్చుతాయి. చెవుల కింద బుగ్గలో వాపు వచ్చి తగ్గకుండా అలాగే ఉండిపోతే, బరువు తగ్గుతుంటే, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. షోగ్రెన్ ఉన్నవాళ్లలో కొద్దిమందికి లింఫోమా అనే క్యాన్సర్ వస్తుంది, అందుకని చెప్తున్నాను. ఎక్కువమందికి రాదు, టెన్షన్ పెట్టుకోకండి.

ప్రశ్న: మా బాబుకు మూడు నెలలు. ఒక కన్ను ఎప్పుడూ నీళ్లు కారుతుంది, ముక్కు పక్క మూలలో పుసి కడుతుంది. ఇది కన్నీటి గ్రంథి వాపేనా?
— ఒక తల్లి, ఒంగోలు

జవాబు: కాదండీ. గ్రంథి ఉండేది బయటివైపు, పైన. ముక్కు పక్కన ఉండేది కన్నీరు బయటికి పోయే దారి, అక్కడి సంచి. పసిపిల్లల్లో ఆ దారి కింది చివర పొర తెరుచుకోకపోతే ఇలా అవుతుంది. ఆ మూలలో వేలితో కిందికి నొక్కుతూ చేసే మసాజ్ ఉంటుంది, పిల్లల కంటి డాక్టర్ దగ్గర ఒక్కసారి చూసి నేర్చుకోండి, ఏడాదిలోపు చాలామందికి దానంతటదే తెరుచుకుంటుంది. అక్కడ ఎర్రగా ఉబ్బి జ్వరం వస్తే మాత్రం ఆ రోజే తీసుకెళ్లండి. తల్లిపాలు కంట్లో పిండొద్దు.

ప్రశ్న: నేను ఎం.ఎస్సీ. జువాలజీ విద్యార్థిని. 2025లో వైద్యంలో నోబెల్ నియంత్రణ టి-కణాల మీద పనిచేసినవాళ్లకు ఇచ్చారు కదా. మా సార్ క్లాసులో చెప్తూ ఎలుకల్లో కన్నీటి గ్రంథి వాపు గురించి ఒక ముక్క అని వెళ్లిపోయారు. కొంచెం వివరంగా చెప్పగలరా మేడమ్?
— ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: చెప్తానమ్మా, నాకిష్టమైన కథ ఇది.

షిమోన్ సకాగుచి అనే జపాన్ శాస్త్రవేత్త 1980లలో ఒక పాత ప్రయోగాన్ని పట్టుకున్నారు. పుట్టి మూడు రోజులైన ఎలుక పిల్లకు థైమస్ తీసేస్తే ఇమ్యూనిటీ బలహీనపడాలి, అదే ఎవరైనా ఊహించేది. జరిగింది దానికి తలకిందులు, ఆ ఎలుకలు సొంత అవయవాల మీదే దాడి చేసుకున్నాయి. మరో ఆరోగ్యమైన ఎలుక నుంచి ఎదిగిన టి-కణాలు తెచ్చి ఎక్కిస్తే ఆ జబ్బు రాలేదు. అంటే గొడవ చేసే కణాలే కాకుండా గొడవ ఆపే కణాలు కూడా థైమస్ నుంచే వస్తున్నాయి, కాస్త ఆలస్యంగా వస్తున్నాయి, మూడో రోజున థైమస్ తీసేస్తే ఆపేవాళ్లు రాకుండా పోతున్నారు. అప్పట్లో ఈ మాట చాలామంది నమ్మలేదు. 1995లో ఆ కణాల మీద సిడి-25 అనే గుర్తు ఉంటుందని ఆయన చూపించారు. ఇంటర్‌ల్యూకిన్-2ను పట్టుకునే చెయ్యి అదే.

అమెరికాలో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఇంకో దారిలో వచ్చారు. స్కర్ఫీ అనే ఎలుకల జాతి ఉంది, అందులో మగ పిల్లలు ఒళ్లంతా ఇన్‌ఫ్లమేషన్‌తో కొన్ని వారాల్లోనే చనిపోతాయి. దానికి కారణమైన జన్యువును ఎక్స్ క్రోమోజోమ్ మీద వెతికి వెతికి పట్టుకున్నారు, ఫాక్స్‌పి-3 అని పేరు పెట్టారు. మనుషుల్లో అదే జన్యువు చెడితే మగపిల్లలకు ఐపెక్స్ అనే తీవ్రమైన జబ్బు వస్తుందని 2001లో తేలింది. రెండేళ్లకు సకాగుచి తదితరులు ఈ జన్యువే ట్రెగ్స్‌ను తయారుచేస్తుందని చూపించడంతో రెండు దారులూ కలిశాయి.

మీ సార్ అన్న ముక్క బహుశా ఎన్ఓడి ఎలుకల గురించి అయి ఉంటుంది. డయాబెటిస్ పరిశోధనకు పెంచే జాతి అది. వీటిలో మగవాటికి కన్నీటి గ్రంథిలో వాపు ఎక్కువ, ఆడవాటికి లాలాజల గ్రంథుల్లో ఎక్కువ. ఒకే జన్యువులు, ఒకే బోను, ఒకే తిండి, అయినా జబ్బు ఒక్కో చోట! అదుపు తప్పడమనేది ఒళ్లంతా ఒకేసారి, ఒకేలా జరిగేది కాదని, ఒక్కో అవయవంలో ఒక్కోలా ఉంటుందని ఇది చెప్తుంది. మనుషుల్లో షోగ్రెన్ ఉన్న ప్రతి పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది ఆడవాళ్లే కాబట్టి ఎలుకల లెక్కను యథాతథంగా మనకు తెచ్చి అతికించలేం.

ఇంకోటి, నేను పైన చెప్పిన థైమస్ శిక్షణలో సొంత ప్రొటీన్ల నమూనాలను చూపించే పని ఎయిర్ అనే జన్యువుది. ఆ జన్యువు లేని ఎలుకల్లో కన్నీటి గ్రంథి వాచిపోతుంది, అవి ప్రత్యేకంగా ఆ గ్రంథిలో ఉండే ఒక ప్రొటీన్ మీద దాడి చేస్తాయని 2010లో కనిపెట్టారు. థైమస్‌లో అలాంటి ప్రొటీన్ చూపించడం మర్చిపోతే కన్ను ఎండిపోవచ్చన్నమాట. నేను మొదటిసారి చదివినప్పుడు చాలాసేపు దాని గురించే ఆలోచిస్తూ ఉండిపోయాను.

అదుపు సడలితే గ్రంథి వాస్తుందనడానికి మనుషుల్లో రుజువు క్యాన్సర్ వార్డుల్లో దొరుకుతుంది. నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ లాంటి మందులు టి-కణాల బ్రేకులను కావాలనే తీసేస్తాయి, క్యాన్సర్ మీదికి వెళ్లడానికి. ఆ మందులు తీసుకున్న కొందరికి నోరు, మరికొందరికి కళ్లు కూడా ఎండిపోతాయి. బ్రేకు తీస్తే గ్రంథి వాస్తోంది. అయితే షోగ్రెన్ రోగుల రక్తంలో ట్రెగ్స్‌ను లెక్కపెడితే కొన్ని అధ్యయనాల్లో తక్కువగా, కొన్నింట్లో ఎక్కువగా వచ్చాయి. వాటి సంఖ్యకన్నా గ్రంథిలోకి వెళ్లాక అవి పనిచేస్తున్నాయా లేదా అన్నది ముఖ్యమని నా ఉద్దేశం. ఎం.ఎస్సీ. తర్వాత పరిశోధన వైపు వెళ్లే ఆలోచన ఉంటే ఈ ప్రశ్న దగ్గర ఆగి చూడండి, ఇంకా చేయాల్సింది చాలా ఉంది.

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు, వ్యవసాయం. ఆరు నెలలుగా రెండు కళ్ల పైరెప్పలు బయటివైపు ఉబ్బి ఉన్నాయి. నొప్పి లేదు, ఎరుపు లేదు. దవడ కింద కూడా రెండు వైపులా గడ్డల్లా ఉన్నాయి. ముక్క తీసి పరీక్షకు పంపాలంటున్నారు. క్యాన్సరేమోనని ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. స్టిరాయిడ్ ఇచ్చి చూడొచ్చు కదా, కోయడం ఎందుకు?
— ఒక కుమారుడు, జగిత్యాల

జవాబు: కోయనివ్వండి బాబూ. ఇందులో మాత్రం నేను గట్టిగానే చెప్తాను.

1888లో యోహాన్ మికులిచ్ అనే సర్జన్ అప్పటి జర్మనీలోని తూర్పు ప్రష్యాకు చెందిన ఒక రైతును తోటి డాక్టర్లకు చూపించారు, ఆయనకు కూడా అచ్చం మీ నాన్నగారిలాగే రెండు వైపులా కన్నీటి గ్రంథులు, లాలాజల గ్రంథులు నొప్పి లేకుండా వాచాయి. తర్వాత చాలాకాలం దీన్ని షోగ్రెన్‌లో భాగమే అనుకున్నారు. ఈ శతాబ్దం మొదట్లో జపాన్ డాక్టర్లు అలాంటి రోగుల రక్తంలో ఐజిజి-4 అనే యాంటీబాడీ బాగా పెరిగి ఉందని గమనించాక, ఇది వేరే జబ్బని తెలిసింది. ఇదీ అదుపు తప్పడమే, కానీ దీని తీరు వేరు. షోగ్రెన్‌లో గ్రంథి తొందరగా ఎండుతుంది, ఇందులో ఐజిజి-4 తయారుచేసే కణాలు నిండిపోయి, నారలాంటి గట్టి పదార్థం పేరుకుని గ్రంథి పెద్దదవుతుంది. నడివయసు దాటినవాళ్లలో ఎక్కువ. పాంక్రియాస్‌కు, కిడ్నీలకు కూడా పాకొచ్చు కాబట్టి ఒళ్లంతా చూడాలి.

మీ నాన్నగారిది ఇదే కావచ్చు, కాకపోవచ్చు. లింఫోమా, ఒంట్లో అక్కడక్కడా చిన్న చిన్న వాపు గడ్డలు కట్టే సార్కాయిడ్ అనే జబ్బు కూడా ఇలాగే కనిపిస్తాయి. ఐజిజి-4 వాపు స్టిరాయిడ్‌కు ఆశ్చర్యపోయేంత తొందరగా తగ్గుతుంది. చిక్కేంటంటే లింఫోమా కూడా స్టిరాయిడ్‌కు కొన్నాళ్లు తగ్గినట్టు కనిపిస్తుంది, ఆ తర్వాత ముక్క తీస్తే ఏమీ తేలదు. అందుకే ముందు బయాప్సీ, తర్వాత మందు. రెప్ప మడతలో చిన్న గాటుతో తీస్తారు, మచ్చ కూడా పెద్దగా కనిపించదు, చూపుకు ప్రమాదం తక్కువ. రక్తంలో ఐజిజి-4 మామూలుగా వచ్చినా జబ్బు లేదనుకోకూడదు, పెరిగి వచ్చినా అదొక్కటే చూసి ఖాయం చేయకూడదు.

ఒకవైపే వాచి, నొప్పి ఉండి, కనుగుడ్డు ముందుకు తోసుకొస్తుంటే మాత్రం ఇంకా తొందరపడాలి, స్కాన్ వెంటనే తీయించాలి. మీరు రాసినదాన్ని బట్టి అలా లేదు.

ప్రశ్న: అక్కా, నాకు 29 ఏళ్లు, డాలస్‌లో ఉంటాం. షోగ్రెన్ అని రెండేళ్ల క్రితం తేలింది, రో యాంటీబాడీ పాజిటివ్. ఇప్పుడు మూడో నెల. మా అత్తగారు గుంటూరు నుంచి ఫోన్ చేసి మాత్రలన్నీ ఆపెయ్యమంటున్నారు, బిడ్డకు మంచిది కాదని. నేను హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడుతున్నాను. బిడ్డకూ ఇది వస్తుందా?
— ఒక చెల్లి

జవాబు: ఆ మాత్ర మీ అంతట మీరు ఆపొద్దమ్మా. గర్భంతో ఉన్నప్పుడు ఆటోఇమ్యూన్ జబ్బులున్నవాళ్లు చాలా ఏళ్లుగా వాడుతున్న మందు అది, మీలాంటివాళ్లకు డాక్టర్లు కొనసాగించమనే చెప్తారు.

షోగ్రెన్ బిడ్డకు అలాగే వచ్చేయదు. కానీ రో యాంటీబాడీలు మాయ గుండా బిడ్డకు చేరతాయి, అరుదుగా, సుమారు నూటికి ఇద్దరిలో, బిడ్డ గుండె కొట్టుకునే సంకేతం వెళ్లే దారిని దెబ్బతీస్తాయి. గుండె చాలా నెమ్మదిగా కొట్టుకుంటుంది. ఇది ఎక్కువగా 16 నుంచి 26 వారాల మధ్య మొదలవుతుంది కాబట్టి ఆ రోజుల్లో బిడ్డ గుండెకు ఎకో పరీక్షలు చేస్తారు. ఇంతకుముందు ఒక బిడ్డకు ఇలా వచ్చి ఉంటే తర్వాతి బిడ్డకు రిస్క్ ఎక్కువ. అలాంటి తల్లుల్లో హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆ రిస్క్‌ను తగ్గించిందని అధ్యయనం ఉంది. అత్తగారికి ఈ మాట మీరే నెమ్మదిగా చెప్పండి, లేదా డాక్టర్ అపాయింట్‌మెంట్ అప్పుడు ఫోన్ కలపండి, వాళ్లే వింటారు.

కళ్ల విషయానికొస్తే అక్కడ చలికాలంలో ఇంట్లో హీటర్ నడుస్తుంది, గాలి బాగా పొడిగా ఉంటుంది. పడగ్గదిలో హ్యుమిడిఫయర్ పెట్టుకోండి, గాలి నేరుగా ముఖం మీదికి కొట్టకుండా చూసుకోండి. సైక్లోస్పోరిన్ చుక్కలు వాడుతుంటే మీ ప్రసూతి డాక్టర్‌కు ఆ సంగతి చెప్పండి, కంటి చుక్కలే కదా అని చాలామంది చెప్పడం మర్చిపోతారు. ఎకో రిపోర్టు వచ్చాక నాకు మళ్లీ ఉత్తరం రాయండి, ఎదురుచూస్తుంటాను.